తొలి సాహసానికి ఉచ్చు ఎలా పన్నాలి?

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలో కొత్తవారికి ఎదురయ్యే గోతులు, ఊగే కత్తులు, నీళ్లు నిండే గదుల వెనుక ఉన్న భౌతికశాస్త్రం, సంభావ్యత

వారణావతంలో పాండవుల కోసం కట్టిన లక్క ఇల్లు తెలుగు పాఠకులందరికీ తెలిసిన ఉచ్చు. ఇట్టే అంటుకునే పదార్థాలతో పురోచనుడు దాన్ని కట్టించాడు. అయినా ఆ ఉచ్చు పారలేదు. విదురుడు ముందే గూఢంగా హెచ్చరించాడు. ధర్మరాజు నెయ్యి, లక్క వాసన పసిగట్టాడు. సొరంగాలు తవ్వే మనిషి వచ్చి ఇంటి లోపలి నుంచే దారి తవ్వాడు. హెచ్చరిక, పరిశీలన, ఉపాయం వరుసగా వచ్చాయి కాబట్టే ఆ ఘట్టం అంత ఉత్కంఠగా ఉంటుంది. అవేవీ లేకుండా ఒక రాత్రి ఇల్లు తగలబడిపోయి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది.

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటలకు సాహసాలు రాసేవారికీ ఇదే సమస్య ఎదురవుతుంది. మొదటిసారి ఆడేవారి ముందు ఉచ్చు పెట్టడం తేలిక. దాన్ని వారు గమనించేలా, ఆలోచించేలా, తప్పు చేసినా ఎందుకు తప్పిందో తెలుసుకునేలా పెట్టడమే కష్టం. అందుకు కావలసిన లెక్కలు పదో తరగతి భౌతికశాస్త్రం, కొద్దిపాటి సంభావ్యత గణితం దాటవు.

ఆట నడిచే తీరు

ఈ తరహా ఆటల్లో మొదట అచ్చయినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు నిర్వాహకులు. పాడుబడిన కోట, చీకటి గుహ, అందులో ఉన్న ప్రమాదాలు అన్నీ నిర్వాహకుల మాటల్లోనే కనిపిస్తాయి. మిగిలినవారు యోధుడు, మాంత్రికుడు, దొంగ వంటి ఒక్కో పాత్ర తీసుకుని, తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. చేసిన పని ఫలిస్తుందో లేదో సందేహం ఉన్నచోట 20 ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు పాత్ర సామర్థ్యాన్ని బట్టి కొన్ని పాయింట్లు కలుపుతారు. మొత్తం నిర్వాహకులు పెట్టిన లక్ష్య సంఖ్యను చేరితే పని ఫలించినట్టు.

గాయాలకూ లెక్క ఉంది. ప్రతి పాత్రకూ కొన్ని ప్రాణ పాయింట్లు ఉంటాయి. అవి సున్నాకు చేరితే పాత్ర స్పృహ తప్పి ప్రాణాపాయంలో పడుతుంది. 2014 నాటి అయిదో కూర్పు నిబంధనల ప్రకారం తొలి మెట్టులో ఉన్న మాంత్రికుడికి ఉండేవి సాధారణంగా 6 నుంచి 8 పాయింట్లే. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఆ కూర్పువే.

ఉచ్చులో మూడు భాగాలు

ఏ ఉచ్చునైనా మూడు భాగాలుగా విడదీయవచ్చు. మొదటిది ఆనవాలు, అంటే ఉచ్చు ఉందని తెలిపే గుర్తు. రెండోది మీట, అంటే ఉచ్చును కదిలించే చర్య. మూడోది దెబ్బ.

కొత్తగా సాహసాలు రాసేవారు ఎక్కువ శ్రద్ధ మూడోదానిపై పెడతారు. ఆటగాళ్లకు కావలసింది మాత్రం మొదటిది. నడవాలో దుమ్ము పేరుకుని ఉంది, నడుమ ఒక్క రాతిపలకపై మాత్రం దుమ్ము లేదు అనుకుందాం. అడుగుజాడలు ఆ పలకను తప్పించుకుంటూ గోడ వారగా సాగాయి. ఇవి విన్న పన్నెండేళ్ల పిల్లవాడైనా ఆగి ఆలోచిస్తాడు. ఇక్కడ తిరిగేవారికి ఆ పలక సంగతి తెలుసు, అందుకే తొక్కరు అన్న నిర్ణయానికి వస్తాడు. ఆ ఊహను పరీక్షించడానికి కర్రతో పలకను నొక్కి చూస్తాడు. పరిశీలన, పరికల్పన, ప్రయోగం అనే మూడు మెట్లూ ఆటలోనే ఎక్కేశాడు.

ఆనవాలు తార్కికంగా ఉండాలంటే రచయిత ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఉచ్చు పన్నినవారు తాము దీన్ని ఎలా దాటేవారు? నివాసం ఉన్నచోట రోజూ నడిచే దారిలో ఉచ్చు పెట్టుకునేవారు తమకోసం ఒక పక్కదారి ఉంచుకుంటారు. ఆ పక్కదారి వల్ల పడిన అరుగుదల, జాడ, మరక సహజమైన ఆనవాళ్లవుతాయి.

2014లో కొత్తవారి కోసం తెచ్చిన పెట్టెలోని ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ అనే సాహసంలో గాబ్లిన్‌ల గుహకు వెళ్లే కాలిబాట మీద రెండు ఉచ్చులుంటాయి. ముందు కాలికి చుట్టుకునే తాడు ఉచ్చు, తర్వాత ఆకులలములు కప్పిన గొయ్యి. రెండూ వేటగాళ్లు వాడే సాదా పద్ధతులే. మంత్రం అవసరం లేదు. మొదటిదాంట్లో చిక్కుకున్నవారు రెండోదాని కోసం కళ్లు తెరుచుకుని నడుస్తారు. పాఠం చెప్పే వరుస అదే.

ఒకే అంకె, రెండు ఫలితాలు

లక్ష్య సంఖ్య 12 అనీ, ప్రతి పాత్రకూ 2 పాయింట్ల అదనపు బలం ఉందనీ అనుకుందాం. పాచిక మీద 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే చాలు. ఇరవైలో 11 ముఖాలు అనుకూలం, అంటే 55 శాతం అవకాశం. వినడానికి న్యాయంగానే ఉంది.

అయితే ఈ 55 శాతం అసలు అర్థం పాచిక ఎవరు వేస్తారన్న దానిపై ఆధారపడుతుంది. నలుగురు ఆటగాళ్లూ ఉచ్చును కనిపెట్టడానికి పాచిక వేస్తే, ఒక్కరికి తెలిసినా అందరికీ తెలిసినట్టే. నలుగురూ విఫలమయ్యే అవకాశం 0.45ను నాలుగుసార్లు గుణిస్తే వస్తుంది. అది సుమారు 4 శాతం. కాబట్టి ఉచ్చు బయటపడే అవకాశం 96 శాతం. ఇప్పుడు అదే నలుగురూ ఒక్కొక్కరుగా ఇరుకైన అంచు మీద నడవాలనీ, ప్రతి ఒక్కరూ పాచిక వేయాలనీ అనుకుందాం. అందరూ క్షేమంగా దాటే అవకాశం 0.55ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 9 శాతమే. లక్ష్య సంఖ్య మారలేదు, పాత్రలు మారలేదు. ‘ఎవరో ఒకరు గెలిస్తే చాలు’ అన్నచోట 96గా ఉన్నది ‘అందరూ గెలవాలి’ అన్నచోట 9 అయింది. కొత్త నిర్వాహకులు తమకు తెలియకుండానే ఆటను మితిమీరి కఠినం చేసేది ఇక్కడే.

ఆటగాళ్ల ఆలోచనకు విలువ కట్టే మార్గమూ నిబంధనల్లో ఉంది. పరిస్థితి అనుకూలంగా ఉన్నప్పుడు రెండు పాచికలు వేసి పెద్ద అంకెను తీసుకోనివ్వవచ్చు. నడుముకు తాడు కట్టుకుని దాటుతామని ఒకరు చెప్పారనుకుందాం. రెండు పాచికలూ విఫలమయ్యే అవకాశం 0.45ను 0.45తో గుణిస్తే వచ్చే 20 శాతం. అంటే గెలుపు 55 నుంచి 80 శాతానికి పెరిగింది. తాడు అంత బలంగా ఉంటే పాచికే అవసరం లేదని నిర్వాహకులు అనుకోవచ్చు. మంచి ఆలోచన పాచికను అనవసరం చేయడం ఆటకు నష్టం కాదు.

గొయ్యి లోతు పెరిగితే

కాలికింద నేల తెరుచుకుంటే తప్పించుకునే సమయం ఎంత? చూసిన దానికి చేయి కదలడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. బడిలో పిల్లలు స్కేలు జారవిడిచి పట్టుకునే ప్రయోగంలో కొలిచేది ఈ ప్రతిచర్య కాలాన్నే. పావు సెకనులో స్వేచ్ఛగా పడే వస్తువు దాదాపు 30 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. అంటే మెదడు మేలుకునేసరికి పాత్ర ఒక అడుగు మాత్రమే జారింది. గొయ్యి అంచు ఇంకా చేతికి అందే ఎత్తులోనే ఉంది. గోతిలో పడబోయేవారు అంచు పట్టుకోవడానికి పాచిక వేయనివ్వడం వాస్తవానికి దూరం కాదు.

పట్టు తప్పితే 10 అడుగుల గోతిలో, అంటే సుమారు 3 మీటర్ల లోతులో, అడుగు తాకడానికి 0.8 సెకన్లు పడుతుంది. అప్పటి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. లోతు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, 39 కిలోమీటర్లకు చేరుతుంది. వేగం ఎత్తు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. దేహం మోసుకొచ్చే శక్తి మాత్రం ఎత్తుతో సమానంగా పెరుగుతుంది. ప్రతి 10 అడుగులకూ ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున గాయం లెక్కించే ఆట నిబంధన ఈ శక్తి లెక్కకు సరిపోతుంది. 200 అడుగుల తర్వాత గాయం పెరగదన్న పరిమితి మాత్రం ఆట సౌకర్యమే. అంత ఎత్తు నుంచి పడేవారి వేగం గంటకు 125 కిలోమీటర్లకు మించదు. గాలి నిరోధం వల్ల మనిషి వేగం ఇక పెరగని స్థితి గంటకు 190 కిలోమీటర్ల దగ్గర వస్తుంది.

కొత్తవారికి ముఖ్యమైనది తర్వాతి లెక్క. మాంత్రికుడికి 7 ప్రాణ పాయింట్లు ఉన్నాయనుకుందాం. 10 అడుగుల గోతిలో ఒక పాచిక గాయం గరిష్ఠంగా 6. ఏ దెబ్బా తగలకుండా వచ్చిన మాంత్రికుడు స్పృహ కోల్పోయే అవకాశమే లేదు. అదే గొయ్యి 20 అడుగులైతే రెండు పాచికలు. మొత్తం 7 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం 36లో 21, అంటే 58 శాతం. లోతు రెండింతలు చేస్తే ప్రమాదం సున్నా నుంచి సగానికి పైగా దూకింది. నిర్వాహకుల పుస్తకం తొలి నాలుగు మెట్లకు సూచించే మూడు తీవ్రతలనూ ఇలాగే పోల్చవచ్చు. చిన్న ఎదురుదెబ్బకు ఒక పది ముఖాల పాచిక, ప్రమాదకరమైనదానికి రెండు, ప్రాణాంతకమైనదానికి నాలుగు. 7 పాయింట్ల పాత్ర ఒక పాచికకు పడిపోయే అవకాశం 40 శాతం, రెండింటికి 85 శాతం, నాలుగింటికి దాదాపు నూటికి నూరు. పేర్లు చూసి ఎంచుకోవడం కన్నా ఈ శాతాలు చూసి ఎంచుకోవడం మేలు.

ఒక్క ఉచ్చు చిన్నదే అనిపించినా వరుసగా పెడితే ప్రమాదం పేరుకుంటుంది. ఒక్కోదానిలో ప్రాణం పోయే అవకాశం 5 శాతమే అయినా, అలాంటివి పది దాటితే ఎక్కడో ఒకచోట ప్రాణం పోయే అవకాశం 40 శాతం.

శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎలుకబోనులో వడ ముక్కను కదిలించడానికి ఎలుక పెట్టే శక్తి అతి స్వల్పం. తలుపును మూసే శక్తి స్ప్రింగ్‌లో ముందే దాచి ఉంది. ఎలుక దాన్ని విడుదల చేస్తుందంతే. ప్రతి ఉచ్చూ ఇలాంటిదే. మీటకు చిన్న బలం చాలు, దెబ్బకు కావలసిన శక్తిని ఎవరో ఎప్పుడో నిల్వ చేసి ఉండాలి.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో, నాణెం వేస్తే ఆలయంలో పవిత్ర జలం ఇచ్చే యంత్రాన్ని వర్ణించాడు. నాణెం బరువుకు మీట ఒకవైపు వాలి రంధ్రం తెరుచుకుంటుంది. నాణెం జారిపోగానే మూసుకుంటుంది. 11వ శతాబ్దంలో భోజరాజు పేరిట వెలువడిన ‘సమరాంగణ సూత్రధార’లో యంత్రాలకే ఒక అధ్యాయం ఉంది. తొక్కితే కదిలే రాతిపలకను ఊహించేవారికి ఈ పాత యంత్రాలు మంచి నమూనాలు.

మూడు వందల ఏళ్లుగా ఎవరూ అడుగుపెట్టని సమాధిలో స్ప్రింగ్ తుప్పు పట్టి ఉంటుంది, తాడు చీకిపోయి ఉంటుంది. ఎత్తున నిలిపిన రాయిలోని స్థితిజ శక్తి మాత్రం తరగదు. 200 కిలోల రాయిని 2 మీటర్ల ఎత్తున నిలిపితే అందులో దాదాపు 3,900 జౌళ్ల శక్తి ఉంటుంది. 70 కిలోల మనిషి 3 మీటర్ల గోతిలో పడినప్పటి శక్తికి ఇది సుమారు రెండింతలు. అందుకే పాత శిథిలాల్లో బరువు, నీరు ఆధారంగా పనిచేసే ఉచ్చులు నమ్మదగినవి. ఎప్పుడూ ఆగకుండా ఊగే కత్తి కనిపిస్తే, దాన్ని ఎవరో లేదా ఏదో నెడుతూ ఉండాలి. గోడ వెనుక నీటిచక్రం చప్పుడు వినిపించేలా చేస్తే అదే ఆనవాలు. చక్రానికి నీరు ఆపితే కత్తి కాసేపటికి ఆగుతుంది.

ఊగే కత్తిని దాటడమూ కొలతల పనే. చిన్న కోణంలో ఊగే లోలకం ఒక పూర్తి ఊపుకు తీసుకునే కాలం దాని పొడవు మీద ఆధారపడుతుంది, బరువు మీద కాదు. మీటరు పొడవుకు 2 సెకన్లు, 4 మీటర్లకు 4 సెకన్లు. ఒక్కో ఊపులో కత్తి అడుగు బిందువును రెండుసార్లు దాటుతుంది కాబట్టి, 4 మీటర్ల కత్తి ప్రతి 2 సెకన్లకోసారి దారికి అడ్డం వస్తుంది. ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టి దాటుతామని ఆటగాళ్లు చెబితే వారు లోలకం సూత్రాన్ని వాడుకున్నట్టే. మీటరు పొడవు కత్తి అయితే ఆ వ్యవధి ఒక్క సెకనే. నిర్వాహకులు పొడవు మార్చి కష్టాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు.

నీళ్లు నిండే గది

కొత్తవారికి అన్నిటికన్నా అనువైన ఉచ్చు నిదానంగా పనిచేసేది. గొయ్యి ఒక్క సెకనులో తేలిపోతుంది. నీళ్లు నిండే గది మాట్లాడుకోవడానికి, వాదించుకోవడానికి, తప్పు చేసి దిద్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది.

3 మీటర్ల చదరపు గది, 2.5 మీటర్ల ఎత్తు అనుకుందాం. పైకప్పు దగ్గర 10 సెంటీమీటర్ల వెడల్పు తూము, దానికి 5 మీటర్ల పైన నీటిమట్టం ఉన్న చెరువు. టోరిసెల్లీ సూత్రం ప్రకారం నీరు సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో దూకుతుంది. రంధ్రం దగ్గర ధార సన్నబడే సంగతి లెక్కలోకి తీసుకుంటే సెకనుకు సుమారు 47 లీటర్లు. గదిలో నీటిమట్టం నిమిషానికి 30 సెంటీమీటర్లకు కొంచెం పైగా పెరుగుతుంది. గది నిండడానికి 8 నిమిషాలు. ఆటలో ఒక వంతు 6 సెకన్లు కాబట్టి 80 వంతులు.

తలుపు గది లోపలికి తెరుచుకునేది, మీటరు వెడల్పు అనుకుంటే నిజమైన ఉత్కంఠ అక్కడ ఉంది. నీరు తలుపును చట్రానికి అదిమిపెడుతుంది. ఆ బలం లోతు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. మొదటి నిమిషం చివర నీరు 30 సెంటీమీటర్లున్నప్పుడు గొళ్ళెం పట్టి లాగేవారికి సుమారు 22 కిలోల బరువుతో సమానమైన బలం కావాలి. రెండో నిమిషం చివర 60 సెంటీమీటర్లకు అది 90 కిలోలు. నీరు మీటరుకు చేరేసరికి 250 కిలోలు. మొదటి నిమిషంలో ఒక్కరు తీయగల తలుపు మూడో నిమిషం దాటాక నలుగురు కలిసినా కదలదు. వరద నీటిలో చిక్కుకున్న కారు తలుపు తీయడం కష్టమయ్యేదీ ఇదే కారణంతో. నీరు పెరగకముందే బయటపడాలనే హెచ్చరిక వెనుక ఉన్న లెక్క ఇదే.

నిర్వాహకులు నీటిమట్టాన్ని ప్రతిసారీ చెబుతూ ఉండాలి: చీలమండ, మోకాలు, నడుము. గోడమీద పాత నీటిచార, మూలన పూడిక నిండిన కాలువ గండి ముందే కనిపించాలి. బయటపడే దారులు ఒకటికన్నా ఎక్కువ ఉండాలి. తలుపు వెంటనే లాగడం, తూములో దుప్పట్లు కుక్కడం, పూడిక తీయడం, నీటితో పాటు పైకి తేలి తూము మూత అందుకోవడం. రచయిత ఊహించని అయిదో ఉపాయం ఆటగాళ్లు చెబితే, అది భౌతికంగా సాధ్యమైతే, ఒప్పుకోవాలి.

ఊహకు అందని ఉచ్చుతో నష్టం

ఉచ్చులంటే భయపడాల్సినవే అనే సంప్రదాయం కూడా ఈ ఆటలో ఉంది. గైగాక్స్ 1975లో ఒక పోటీ కోసం నడిపి, 1978లో అచ్చువేసిన ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ దానికి పేరుపొందిన ఉదాహరణ. అందులో గోడపై ఆకుపచ్చ రాక్షస ముఖం ఉంటుంది. తెరిచిన నోట్లోకి దూరిన పాత్ర మరి తిరిగి రాదు. అది ఆరితేరిన ఆటగాళ్ల ఓర్పును పరీక్షించడానికి రాసిన సాహసం. దాన్ని అనుకరిస్తూ కొత్తవారి ముందు పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. ఆనవాలు లేని రెండు ఉచ్చుల్లో పడ్డాక వారు ప్రతి పలకనూ, ప్రతి తలుపునూ కర్రతో తట్టడం మొదలుపెడతారు. సాహసం ముందుకు సాగదు. లేదంటే ఏం చేసినా ఒకటేనని పాచిక వేసి ఊరుకుంటారు.

ఈ రెండో స్థితికి మనస్తత్వశాస్త్రంలో ఒక పేరుంది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో, తాము ఏం చేసినా ఆగని విద్యుత్ షాకులకు గురైన కుక్కల్లో చాలామటుకు తర్వాత తప్పించుకునే వీలున్నచోట కూడా ప్రయత్నించలేదు. దీన్ని ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. ఆటబల్ల దగ్గరి సరదాను ఆ ప్రయోగంతో నేరుగా పోల్చడం సరికాదు. అయినా తమ చర్యకూ ఫలితానికీ సంబంధం కనిపించనప్పుడు ప్రయత్నం తగ్గుతుందన్న విషయం తరగతి గదిలోనూ ఆటలోనూ గుర్తుంచుకోదగినదే. లోకాన్ని పరిశీలిస్తే అర్థమవుతుందన్న నమ్మకం శాస్త్రానికి పునాది. తొలి ఆటలోనే పిల్లలకు ఆ నమ్మకం కలగడమో చెదరడమో ఉచ్చుల మీద కొంత ఆధారపడుతుంది.

ఆడించే ముందు చూసుకోవలసినవి

సాహసం రాయడం పూర్తయ్యాక ప్రతి ఉచ్చునూ అయిదు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

1. ఉచ్చు కదలకముందే ఆటగాళ్లకు కనిపించే, వినిపించే లేదా వాసన వచ్చే ఆనవాలు కనీసం రెండున్నాయా? ఒకటి ఎవరైనా వినకుండా వదిలేయవచ్చు.
2. దెబ్బకు కావలసిన శక్తి ఎక్కడ నిల్వ ఉంది? ఆ మూలాన్ని ఆటగాళ్లు కనిపెట్టి ఆపగలరా?
3. పాచిక ఒక్కరు గెలిస్తే చాలా, అందరూ గెలవాలా? ఆ లెక్కన అసలు అవకాశం ఎంత?
4. అందరికన్నా బలహీనమైన పాత్ర ఒక్క దెబ్బకు పడిపోయే అవకాశం ఎంత? తొలి ఉచ్చుకు ఇది సున్నాకు దగ్గరగా ఉండాలి.
5. ఓడిపోతే కథ ఆగిపోతుందా, మలుపు తిరుగుతుందా? గోతిలో పడినవారికి అడుగున మరో సొరంగం కనిపిస్తే ఓటమి కూడా దారి చూపినట్టే.

ఆ తర్వాత ఉచ్చు గురించి ఏమీ తెలియని ఒకరిద్దరితో ఆడించి చూడాలి. ఉచ్చులో పడ్డవారు ఏమంటారో వినాలి. ‘అయ్యో, ఆ పలక మీద దుమ్ము లేదని చెప్పారు కదా’ అంటే ఉచ్చు సరిగ్గా ఉంది. ‘ఇది మాకెలా తెలుస్తుంది?’ అని అడిగితే లక్ష్య సంఖ్యను తగ్గించి లాభం లేదు. ఆనవాళ్లను మళ్లీ రాయాలి.